నంద్యాల బాడుగ, ఆళ్లగడ్డ నేల

నా దినచర్య పుస్తకాలలో ఇళ్ల కోసం వేరుగా ఉంచుకొన్న పుటలు కొన్ని ఉన్నాయి. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క వరుస, వరుసకు తొమ్మిది గళ్లు: పడసాల పొడవు, వెడల్పు, గోడ మందం, కప్పు తీరు, వెలుతురు కోసం కప్పులో విడిచిన గవాక్షుల సంఖ్య, బావినీటి రుచి, దొడ్డి, నెల బాడుగ, చివర విశేషాలు. 1940 మొదలు ఈ పదేళ్లలో నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ మేము కాపురమున్న ఇళ్లు నాలుగే అయినా, టేపు పట్టి కొలిచి వదిలివేసినవి ఇరవై రెండు. ఇంటి యజమానులు కొందరు నన్ను సర్వేకు వచ్చినవాడిగా భావించి, అడగకుండానే గోడల హద్దులు చెప్పేవారు.

ఈ కొలతలు వేడుక కోసం పట్టినవి కావు. నా భార్యకు ఆయాసం. చలికాలం వస్తే వారానికి రెండు మూడు మార్లు, ఒక్కొక్కప్పుడు వరుసగా నాలుగు రోజులు, గోడకు ఆనుకొని కూర్చుని ఊపిరిని పైకి లాగుకొనేది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే. నంద్యాలలో ఆమెకు మందిచ్చిన వైద్యుడు రెండేళ్లు చూసి చివరకు ఒక మాట అన్నాడు. “మందు నేనిస్తా. పొడినేల నువ్వు చూసుకోవల్ల. నీ భాగం నువ్వు చేయకుంటే నా భాగం ఎంత చేసినా దండగ.” ఆ రోజునుంచి ఆయాసం వచ్చిన ప్రతి తేదీకి ఎదురుగా అంచులో ఒక చిన్న సున్న చుట్టడం అలవాటు చేసుకొన్నాను. ఇళ్ల పుటలలోని గళ్లన్నీ ఆ సున్నలను తగ్గించడానికే గీసినవి.

నంద్యాలలో మేమున్న రెండు ఇళ్లలో రెండవదే మెరుగు కనుక పోలికకు దానినే తీసుకొంటాను. రైలు స్టేషనుకు అర మైలు దూరం. నాపరాళ్లు పరిచి పైన గచ్చు వేసిన మిద్దె. మూడేళ్లలో చుక్క నీరు కారలేదు. గోడలకు నీలి కలిపిన సున్నం, కిటికీలకు ఇనుప కమ్ములు, తలుపుకు ఇత్తడి గొళ్లెం. చూసిన బంధువులందరూ గుమాస్తా ఉద్యోగానికి ఈ ఇల్లు ఎక్కువేనని మెచ్చుకొన్నారు. కాని ఆ వీధి అంతా నల్లరేగడి మీద కట్టినది. కుందూ ఏరు నిండుగా పారే నెలల్లో నేల లోపలినుంచి చెమ్మ ఎక్కి, గోడకు మూడడుగుల ఎత్తు వరకు సున్నం పొరలు పొరలుగా రాలేది. ట్రంకు పెట్టెల కింద ఇటుకలు పెట్టుకొన్నాము. మంచం కోళ్ల కిందా పెట్టుకొన్నాము. ఆమె మాత్రం మంచం మీద పడుకోలేదు. ఆయాసం వచ్చినప్పుడు వీపుకు గట్టి ఆధారం కావాలి. నులక మంచం కుంగిపోతుంది. చెమ్మ నేల మీద చాప, చాప మీద బొంత, దాని మీద ఆమె.

ఆ ఇంటికి మేము చేరినప్పుడు బాడుగ ఆరున్నర. యుద్ధం ముదిరి, పత్తి జిన్నింగు మిల్లులకు, స్టేషనుకు పనివాళ్లు వచ్చి చేరేకొద్దీ ఏడున్నర అయింది, తరువాత తొమ్మిది. యజమాని పత్తి బేరాలు చేసేవాడు. తొమ్మిది అడిగిన రోజు నేను గోడనుంచి రాలిన సున్నం పొర ఒకటి తీసి అతని చేతిలో పెట్టాను.

“ఇదేందీ?” అన్నాడు.

“మీ గోడ.”

“నా గోడ నాకే ఇస్తాండావా? మంచిదప్పా. తొమ్మిదికి ఇష్టమైతే ఉండు. లేదంటే నా వెనక ముగ్గురు నిలబడినారు, వాళ్లు గోడలు గిల్లే రకం కాదు.”

దొడ్డి బావిలో ఉప్పునీళ్లు. తాగడానికి కావడివాడికి నెలకు రూపాయి నాలుగణాలు. మొత్తం పది రూపాయల నాలుగణాలు. కరువు భత్యంతో కలిపి నాకు వచ్చేది నలభై రెండు. 1942 అక్టోబరునుంచి మరుసటి మార్చి వరకు అంచులో చుట్టిన సున్నలు నలభై ఒకటి.

1943 సెప్టెంబరులో నాకు ఆళ్లగడ్డ తాలూకా కచ్చేరికి బదిలీ అయింది. ఆ ఊరి ఇళ్లను గురించి నంద్యాలలో ఎవరూ మంచి మాట చెప్పలేదు. అంతా మట్టి మిద్దెలు, ఏటేటా పైన చవుడు మట్టి పోసుకోకుంటే వాన ఇంట్లోనే కురుస్తుందని, పాములు కప్పు దంతెల సందుల్లో కాపురముంటాయని విన్నాను. బొగ్గుతో నడిచే బస్సులో ముందుగా నేనొక్కడినే వెళ్లి, రెండు రోజుల్లో ఆరు ఇళ్లు కొలిచాను. బాడుగలు అయిదునుంచి ఏడు వరకు ఉన్నాయి. ఏడవ ఇల్లు చూపించినది అరవై దాటిన ఒక రైతు. ఊరి చివర అతనికి సొంత ఇల్లుంది. ఇది అతని తండ్రి కట్టినది, కచ్చేరికి దగ్గర. పడసాల పొడవు పద్నాలుగడుగులు, వెడల్పు పది. గోడలు రెండడుగుల మందం, రాతివి, మట్టి అడుసుతో కట్టినవి. దూలాలు, దంతెలు, పైన చవుడు మిద్దె. గవాక్షులు మూడు. బావిలో మంచినీళ్లు. పడసాలలో నేలకు ఇరవై ఎనిమిది బండలు, లెక్కపెట్టాను. వంగి అరచేయి ఆనించాను. పొడిగా ఉంది.

“ఏంది సామీ, నేలను పలకరిస్తాండావా?” అన్నాడు అతను.

“బాడుగ ఎంత?”

“నాలుగు.”

నేను మళ్లీ అడిగాను. నాలుగేనన్నాడు.

“పక్క వీధిలో దీనిలో సగం లేని ఇంటికి ఆరు చెప్పినారు కదా.”

“వాళ్లకు దుడ్ల మీద ఆశ. నాకు మనిషి మీద ఆశ. కచ్చేరిలో పనిచేసే వాడు, నెమ్మదస్తుడు, పిల్లాజెల్లా లేరు, బండలు పగలగొట్టరు. ఇంకేం కావల్ల?”

ఆ రోజు విశేషాల గడిలో “బాడుగ తక్కువ, కారణం తెలియదు” అని రాసుకొన్నాను. తెలియని దానిని తెలియదని రాయడం నా పద్ధతి. ఆ మాటను ఆ తరువాత ఏడు నెలలు చదవలేదు.

సామానును రెండు ఎద్దుల బండ్ల మీద సిరివెళ్ల మీదుగా తెచ్చుకొన్నాము. మా ఇంటి పక్కన గాజులు అమ్మే సాయెబుల ఆమె ఉండేది. భర్త చనిపోయాక గాజుల మలారం భుజాన వేసుకొని ఊరంతా తానే తిరిగేది. చేరిన మూడవ రోజున మా పడసాలలో కూర్చుని నా భార్య చేతికి గాజులు తొడుగుతూ, “ఈ ఇంట్లో మంచి చోటు నడిమధ్య అక్కా. ఆడ పక్కేసుకో,” అని చెప్పి వెళ్లింది. నేను కిటికీ పక్కన అనుకొన్నాను. గాలి తగులుతుంది కదా. నా భార్య నడిమధ్యనే పక్క వేసుకొంది.

ఆ చలికాలం వివరాలు పుస్తకంలో ఉన్నాయి కనుక జ్ఞాపకం మీద ఆధారపడనవసరం లేదు. అక్టోబరులో సున్నలు రెండు. నవంబరులో ఒకటి. డిసెంబరు తొమ్మిదిన ఒకటి. ఆనాడు మిరపకాయలు దంచారు. జనవరిలో ఏమీ లేదు. ఆ గడిని అలాగే వదిలివేయడం నాకు కొత్త. మార్చి చివరికి మొత్తం ఆరు. ఖర్చు సంగతి: నాలుగు రూపాయల బాడుగ, చవుడు రెండు బండ్లు, బండి పన్నెండణాల చొప్పున ఏడాదికి రూపాయిన్నర, అంటే నెలకు రెండణాలు. నంద్యాలతో పోలిస్తే నెలకు ఆరు రూపాయల రెండణాలు మిగులు, ముప్పై అయిదు సున్నలు తక్కువ. ఆ ఉగాదికి నంద్యాల బంధువులకు రాసిన ఉత్తరంలో, మీరు మెచ్చుకొన్నది గోడలను, మాకు కావలసినది నేల అని రాశాను. నా భార్య ఆ చలికాలంలో మొదటిసారిగా తానే బావినుంచి నీళ్లు తోడింది. సాయంత్రాలు గాజులామెతో కూర్చుని గట్టిగా నవ్వేది; ఆయాసమున్న మనిషి అలా నవ్వదు.

ఏప్రిల్‌లో కచ్చేరికి ధాన్యం నిల్వల ప్రకటనలు వచ్చాయి. యుద్ధకాలం కనుక రైతులు తమ దగ్గరున్న గింజలెన్నో, ఎక్కడ దాచారో రాసి ఇవ్వాలి. అవసరానికి మించినది సర్కారు కట్టిన ధరకు ఇవ్వాలి. మా సీమలో జొన్నలను పాతరల్లో పోస్తారు. నేలలో బావిలాగా తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, గింజ పోసి, మూతికి బండ వేసి మట్టితో మెత్తే గొయ్యి పాతర. ఆ ప్రకటనలకు శుద్ధప్రతి రాయడం నా పని. మా యజమానిది నా చేతిలోకే వచ్చింది. పాతరలు రెండు, రెండూ తన ఇంటి దొడ్డిలోనివి, మొత్తం నలభై మూటలు. అలాగే ఎక్కించాను.

ఆ వారంలోనే ఒక ఆదివారం పగలు పడసాలకు కొత్త చాప నేయించాలని కొలత తీస్తున్నాను. నా భార్య, గాజులామె మధ్యలో కూర్చుని ఉన్నారు. వారిని కొంచెం జరగమన్నాను. నా భార్య కూర్చున్న బండకు చుట్టూ ఉన్న సందు తక్కిన వాటిలాగా సున్నంతో పూడ్చినది కాదు, మట్టి, పేడ. పైగా ఆ బండకు మూలలు అరిగి ఉన్నాయి, గునపం తగిలిన గుర్తులున్నాయి.

“ఈ బండను ఎప్పుడో ఎత్తినారు,” అన్నాను.

“ఎత్తకుంటే జొన్నలు ఎట్ల పోస్తారు?” అంది గాజులామె.

నేను టేపు చుట్టడం ఆపాను.

“ఏం జొన్నలు?”

“అరె, పాతర మీద కాపురముంటా ఏం జొన్నలంటాడు. చూడక్కా నీ మొగుణ్ని.” ఆమె నవ్వబోయి నా మొహం చూసి ఆగింది. “నీకు తెల్దా సామీ? ఊర్లో ఆడోళ్లందరికీ తెలుసే. ఈ నేల వెచ్చగ ఎందుకుంటాదనుకున్నావు? కింద ముప్పై మూటల గింజ ఉడుకుతాంది. అందుకే కదా అక్కను ఈడ పండుకోమన్నా.”

నేను అరచేయి ఆనించాను. ఇతర బండలకూ దానికీ తేడా ఉంది. ఏడు నెలల కిందట ఆనించినది గుమ్మం పక్క బండ మీద.

గాజులామె వెళ్లిన తరువాత పుస్తకం తెరిచి సెప్టెంబరు పుట తీశాను. “బాడుగ తక్కువ, కారణం తెలియదు.” ఆ వాక్యం కింద గీత గీశాను. ఇప్పుడు కారణం తెలిసింది. ధాన్యం తనిఖీకి వచ్చేవాళ్లు ఎవరి పడసాలలో బండలు ఎత్తి చూసినా, తాలూకా కచ్చేరి గుమాస్తా పడసాలలో ఎత్తరు. అతను నన్ను బాడుగకు పెట్టుకోలేదు. పాతరకు మూతగా పెట్టుకొన్నాడు. ఆ ప్రకటనను నా చేతితోనే ఎక్కించాను.

“నీకు ముందే తెలుసా?” అని నా భార్యను అడిగాను.

“వెచ్చగుండేది తెలుసు. ఎందుకో అడగల్యా.”

“ఎందుకు అడగలేదు?”

“అడిగితే మీరు రాసుకుంటారు కదా.” నా చేతిలోని పుస్తకం చూసి, “ఇప్పుడేం చేస్తారు?” అంది.

“ఆయన్నే రాసి ఇమ్మంటాను. ఇవ్వకుంటే నేను చెప్పక తప్పదు.”

“అంటే తీసేస్తారు.”

“తీస్తారు.”

“రాయండి. మీరు రాయకుండా ఉండలేరు, నాకు తెలుసు. కానీ ఆ పక్కనే నేను యాడ పండుకోవల్లనో అది గూడా రాయండి.”

ఆమె గొంతులో కోపం లేదు. పక్క బండలను ఒక్కొక్కటిగా అరచేత్తో తడిమి చూస్తూ ఉంది. ఆ రోజు పుటలో ఏమీ రాయలేదు.

మే ఒకటిన యజమాని బాడుగకు వచ్చాడు. నాలుగు రూపాయలు చేతిలో పెట్టి, మధ్య బండను చూపించాను. అతను బొంకలేదు. గుమ్మం మీద కూర్చుని తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకొన్నాడు.

“యెవరు చెప్పినారు? ఆ గాజులామేనా? ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.”

“ఎవరు చెబితేనేమి? ప్రకటనలో రెండే రాశారు.”

“రెండు రాసినా. మూడోది మా నాయన పాతర. కరువుకని పెట్టింది. పోయిన కరువులో నా చెల్లెలు గంజికని అడుక్కునింది సామీ, ఈ వీధిలోనే. అప్పటినుంచి ఇది ఎప్పుడూ నిండుగా ఉండాల్సిందే. సర్కారోళ్లు ఇచ్చే దుడ్లు తింటామా? రేపు వాన రాకుంటే కాగితం ఉడకేసుకోవల్లనా?”

“కుటుంబానికి సరిపడా ఉంచుకోనిస్తారు. మిగిలినదే అడుగుతారు.”

“నీకు నాలుగు రూపాయలకిచ్చినా. ఊర్లో యెవరన్నా ఇస్తారా?”

“ఇవ్వరు. అందుకే అడుగుతున్నాను. పదిహేను రోజులు గడువు. మరచిపోయిన పాతర అని మీరే రాసి ఇవ్వండి. నేను చెప్పవలసి వస్తే మీకూ చెడ్డ, నాకూ చెడ్డ.”

అతను నా భార్య వైపు తిరిగాడు. “తల్లీ, నువ్వన్నా చెప్పు. నీకు ఈ నేల బాగుందంట కదా.”

“బాగుంది నాయనా,” అంది ఆమె. “బాగుందని ఆయనకు చెప్తే నోరు మూసుకుంటాడా? పెండ్లయి ఇరవై ఏండ్లు. నేను చూసినా.”

అతను ఆ మాటకు నవ్వాడు. నవ్వి, తలగుడ్డ చుట్టుకొని వెళ్లిపోయాడు. పన్నెండవ రోజున కచ్చేరికి వచ్చి, తండ్రినాటి పాతర ఒకటి ప్రకటనలో చేర్చడం మరిచానని రాయించి వేలిముద్ర వేశాడు. ఆ ఇంట్లో కాపురముంటున్నది ఎవరని మా అధికారి అడిగాడు. నేనని చెప్పాను.

“ఊళ్లో ప్రతి ఇల్లూ కొలుస్తావంటారే. నీ కాళ్ల కింద ఉన్నది కనబడలేదా?”

“నా పుస్తకంలో నేల కింది భాగానికి గడి లేదండీ,” అన్నాను. అతను నవ్వి సంతకం చేశాడు. నేను నిజమే చెప్పాను.

పాతరను మే నెలలోనే పట్టపగలు తెరిచారు. బండ ఎత్తిన తరువాత ఒక పూటంతా అలాగే వదిలారు. లోపల చేరిన చెడుగాలి పోవాలి. తరువాత తాడుకు దీపం కట్టి దింపారు. ఆరకుండా అడుగుదాకా వెలిగాకే మనిషి దిగాడు. పైపొర గింజ పసుపురంగుకు తిరిగి, పులిసిన వాసన వేసింది. లోపలిది తెల్లగా ఉంది. ముప్పై ఒక్క మూటలు. గాజులామె చెప్పినదానికి ఒక్క మూటే తేడా. ఇంటికి అవసరమైనవి ఉంచి, పద్దెనిమిది మూటలకు ధర కట్టి తీసుకొన్నారు. ఉంచినవాటిని యజమాని తన ఇంటికి తోలుకొన్నాడు. ఖాళీ పాతర మీద బండ మళ్లీ వేశారు. గాలి ఆడితే ఆరుతుందని సందులు మెత్తలేదు.

నా భార్య తన పక్కను అక్కడినుంచి తీయలేదు. మూడవ రోజు పొద్దున, “చల్లబడింది,” అంది.

జూన్‌లో మొదటి వానలకు ఏమీ కాలేదు. జులై రెండవ వారంలో ముసురు పట్టింది. ఖాళీ గొయ్యి చుట్టుపక్కల నేలలోని నీటినంతా తనలోకి లాగుకొంది. బండ ఎత్తి చూస్తే అడుగున జానెడు నీళ్లు. గింజ ఉన్నప్పుడు ఆ గడ్డి, ఆ వేడి చెమ్మను దగ్గరికి రానివ్వలేదని అప్పుడు అర్థమైంది. నంద్యాలలో పైకెక్కే చెమ్మ గోడలను పట్టుకొంటే, ఇక్కడ నేల నడిమధ్యనుంచి అన్ని వైపులకూ పాకింది. పది రోజుల్లో ఇరవై ఎనిమిది బండల్లో పొడిగా మిగిలినవి ఏడు. జులై, ఆగస్టు, సెప్టెంబరు మూడు నెలల్లో సున్నలు పందొమ్మిది. అవి చలికాలపు నెలలు కూడా కావు. ఒక రోజు ఆమె మాట్లాడలేక, గోడకు ఆనుకొని, నా పుస్తకం వైపు వేలు చూపించింది. చుట్టమని. చుట్టాను.

గొయ్యిని ఇసుకతో నా ఖర్చుమీద పూడుస్తానని యజమానిని అడిగాను.

“మా నాయన పాతరనా? నేనుండగా కాదు.” తరువాత మరొక మాట కూడా అన్నాడు. “ఇంకొకటి సామీ. వచ్చే నెలనుంచి బాడుగ ఆరు. లోకం ఇచ్చేది నువ్వూ ఇయ్యి. ఇప్పుడు నీకూ నాకూ మధ్య ఏమీ లేదు కదా.”

అతని లెక్కలో తప్పు కనబడలేదు. ఇల్లు మారతామని చెప్పాను.

మళ్లీ టేపు తీశాను. ఈసారి కొలిచిన మొదటి మూడు ఇళ్లూ గళ్ల ప్రకారం బాగున్నాయి. ఒకదానికి నాలుగు గవాక్షులు, బాడుగ అయిదున్నర. బయానా ఇచ్చి రావడానికి చొక్కా వేసుకొంటూ ఉండగా గాజులామె మలారంతో వచ్చింది. సంగతి విని కింద కూర్చుంది.

“ఆ ఇల్లా? ఆ పడసాలలో పోయిన శ్రావణంలో నలుగురికి గాజులు తొడిగినా. లేచేసరికి నా చీర కుచ్చెళ్లు తడిసి ఉండాయి. నువ్వు నిలబడి కొలుస్తాండావు సామీ. నేను ప్రతి ఇంట్లో ఒక్కొక్క గడియ కూసుంటా. ఈ ఊర్లో ఏ నేల యాడ తడో, యాడ పొడో నన్నడుగు, నీ టేపునేం అడుగుతావు?”

నేను జవాబు చెప్పకముందే నా భార్య చెప్పులు వేసుకొంది. “పదక్కా.”

ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ ముందు, నేను వెనుక. మొదట వెళ్లిన రెండు ఇళ్ల గుమ్మం దగ్గరే గాజులామె తల అడ్డంగా ఊపింది. మూడవది అహోబిలంలో గుడి సేవ చేసుకొనే ఒక కుటుంబానిది. మగవాళ్లు ఏడాదిలో ఎక్కువ నెలలు కొండ దగ్గరే ఉంటారు. ఇక్కడ ఒక ముసలమ్మ వెనుకవైపు రెండు గదుల్లో ఉంటూ ముందు భాగాన్ని బాడుగకు ఇస్తుంది. పడసాల పదకొండడుగులు, తొమ్మిది. గోడలు సున్నం చూసి చాలా ఏళ్లయింది. వంటింటి దంతెలు మసి పట్టి నల్లగా ఉన్నాయి. గవాక్షి ఒక్కటే. మిద్దె మీద గడ్డి మొలిచి ఉంది. చవుడు రెండు బండ్లు పడుతుంది, బాడుగకున్నవాళ్లే పోసుకోవాలి. అయినా బాడుగ ఏడు. ఎందుకంటే, తక్కువకిస్తే లోకువవుతామని ముసలమ్మ అభిప్రాయం. నా గళ్ల ప్రకారం అప్పటిదాకా చూసినవాటన్నిటిలో అది చివరిది.

నా భార్య పడసాల మధ్యకు వెళ్లి కూర్చుంది. తరువాత చీర కొంగు సర్దుకొని, ఆ ముసలమ్మ చూస్తూండగానే పక్కకు ఒరిగి పడుకొని, చెంప బండకు ఆనించింది.

“ఏందమ్మా, కండ్లు తిరుగుతాండాయా? నీళ్లు తేనా?” అంది ముసలమ్మ కంగారుగా.

“లేదవ్వా. ఈ కింద ఏముంది?”

“జొన్నలు. ఫాల్గుణంలో తిరునాళ్లకు వచ్చేవాళ్లకు అన్నం పెట్టల్ల కదా, దానికి. చిన్న పాతర, పది మూటలది.”

“ఎప్పుడు తీస్తారు?”

“మాఘం ఆఖరున తీస్తాం. చైత్రంలో కొత్తగింజ వస్తానే మళ్లా పోస్తాం. వానల్లో, చలిలో దాని జోలికి పోము.”

నా భార్య చెంప ఎత్తకుండానే నా వైపు చూసింది. ఒక్క ప్రశ్న మిగిలింది. అది నేను అడగవలసినది.

“ఇది కచ్చేరిలో రాసి ఇచ్చినారా?”

“ఇయ్యకేమప్పా? ఏప్రిల్‌లోనే మా వాడు రాసిచ్చినాడు. దేవుడి గింజ దాచిపెడతామా?” ముసలమ్మకు కోపం వచ్చింది. “నువ్వు బాడుగకు వచ్చినావా, తనిఖీకి వచ్చినావా?”

“రెండిటికీ అవ్వా,” అంది గాజులామె. “ఆయప్ప అంతే.”

మరునాడు కచ్చేరిలో పాత కట్టలు తీసి చూశాను. పాతర ఒకటి, పది మూటలు, ఇంటి పడసాలలో అని నా చేతివ్రాతతోనే ఉంది. అది ఎక్కించిన రోజున, అది ఎవరి పక్క కిందికి వస్తుందో ఆలోచించవలసిన అవసరం నాకు కనబడలేదు.

1944 అక్టోబరు మొదటి వారంలో ఆ ఇంటికి చేరాము. బాడుగ ఏడు, చవుడు ఏడాదికి రూపాయిన్నర, నెలకు రెండణాల కింద పడింది. మొత్తం ఏడు రూపాయల రెండణాలు. నంద్యాల ఇంటికంటే మూడు రూపాయల రెండణాలు మిగులు. పాతర మీద నాలుగు రూపాయల ఇంటికంటే సరిగ్గా మూడు రూపాయలు ఎక్కువ. మొదటి వానకే వంటింట్లో రెండు చోట్ల కారింది. కారిన చోట చెంబులు పెట్టుకొన్నాము. పడసాల కారలేదు. అక్టోబరు మొదలు మార్చి వరకు సున్నలు ఎనిమిది. అందులో మూడు మాఘం చివర పాతర ఖాళీగా ఉన్న రోజులవి. చైత్రంలో కొత్త జొన్నలు పోసేటప్పుడు నా భార్య అక్కడే నిలబడి, మూటలు లెక్కపెట్టింది. అన్నీ పడిన తరువాత వచ్చి నాకు చెప్పింది: పది.

ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాము. ఇళ్ల పుటల్లో తొమ్మిది గళ్లకు తోడు పదవ గడి గీశాను. దానికి ‘కింద’ అని పేరు పెట్టాను. పాత వరుసలన్నిటిలో ఆ గడి ఖాళీగా ఉంది. నాకు తెలియనివాటిని ఇప్పుడు పూరించలేను. చివరి వరుసలో మాత్రం రాసి ఉంది: “జొన్నలు, పది మూటలు. ప్రకటనలో ఉన్నవి.”